స్టీఫెన్ ఫ్రై: వినాలా, చూడాలా, చదవాలా?

బ్రిటిష్ నటుడు, రచయిత స్టీఫెన్ ఫ్రై మన తెలుగువాళ్లలో చాలామందికి ఏదో ఒక్క పని ద్వారానే తెలుసు. హ్యారీ పోటర్ ఆడియో పుస్తకాలు విన్నవారికి ఆయనొక గొంతు. వుడ్‌హౌస్ హాస్యకథల్ని ప్రేమించేవారికి ఆయన జీవ్స్ అనే తెలివైన సేవకుడు. యూట్యూబులో ‘క్యూఐ’ అనే క్విజ్ కార్యక్రమపు వీడియోలు చూసేవారికి చిత్రమైన ప్రశ్నలు అడుగుతూ నవ్వే పెద్దమనిషి. మానసిక ఆరోగ్య రంగంలో ఉన్నవారికి, ఉద్రేకం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ డిజార్డర్‌తో జీవిస్తున్నానని నలుగురి ముందూ చెప్పిన ప్రముఖుడు. ఇవి కాక నాలుగు నవలలు, మూడు ఆత్మకథలు, గ్రీకు పురాణాల మీద నాలుగు పుస్తకాలు, ఆంగ్ల ఛందస్సు మీద ఒకటి, డాక్యుమెంటరీలు, నాటకాలు, సినిమాలు ఉన్నాయి. ఒక మనిషి ఇంత మేర పరచుకుని ఉంటే కొత్తగా వచ్చేవారికి ఎటువైపు నుంచి వెళ్లాలో తోచదు. ఎవరో చెప్పారని ఏ మూడో ఆత్మకథతోనో మొదలుపెట్టి, నచ్చక వదిలేసినవాళ్లు నాకు తెలుసు. ఆ నష్టం మరొకరికి జరగకూడదనే ఈ వ్యాసం.

నా సలహా ముందే చెబుతాను. చెవితో మొదలుపెట్టండి.

ఫ్రై చేసిన పనులన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, వాటిని కలిపి ఉంచేది ఆయన వాచికం. మన పద్యనాటకాల ప్రేక్షకులు ఆంగికంలో లోటున్నా వాచికం నిండుగా ఉంటే ఆ నటుణ్ణి నెత్తిన పెట్టుకునేవారు. ఫ్రై అలాంటి ప్రేక్షకుల కోసమే పుట్టిన నటుడు. ఆరడుగుల అయిదంగుళాల ఎత్తు, కదలికల్లో కొంచెం బిడియం. పాటా నాట్యమూ తనకు అబ్బలేదని ఆత్మకథలో బాధపడుతూ రాసుకున్నారు. కానీ ఆయన నోట ఒక పొడవాటి ఆంగ్ల వాక్యం పడితే, అందులో ఏ మాట మీద బరువు ఉండాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, చివరి మాటను ఎంతసేపు ఆపి వదలాలో ఆయనకు తెలిసినంతగా తెలిసినవాళ్లు అరుదు. రచయితగా ఆయన వాక్యం కూడా పైకి చదవడానికి రాసినట్టే ఉంటుంది. అందుకే పుస్తకమైనా, నటన అయినా, కథ చెప్పడమైనా ముందు ఆ గొంతు పరిచయమైతే మిగతావన్నీ సులువుగా తెరుచుకుంటాయి.

వినడానికి మూడు: మిథోస్, పోటర్, హోమ్స్

వినదగినవాటిలో పెద్దవి మూడు. మూడూ మంచివే, కానీ మూడూ ఒకే శ్రోతకు కావు.

తెలుగువారికి నేను మొదట ఇచ్చేది ‘మిథోస్’. 2017లో వచ్చింది. దాని తరువాత ‘హీరోస్’ 2018లో, ‘ట్రాయ్’ 2020లో, ‘ఒడిస్సీ’ 2024లో వచ్చాయి. నాలుగింటినీ రాసిందీ ఆయనే, చదివిందీ ఆయనే. రచయిత, నటుడు, కథకుడు ముగ్గురూ ఒకేచోట దొరకడం ఫ్రై విషయంలో కూడా అరుదే. పోటర్‌లో మాటలు వేరొకరివి. జీవ్స్‌లో పాత్ర వేరొకరిది. ఇక్కడ అంతా ఆయనదే.

మనకు పురాణ కాలక్షేపం కొత్త కాదు. పౌరాణికుడు శ్లోకమో పద్యమో చదువుతాడు, అర్థం చెబుతాడు, మధ్యలో ఆగి ఊళ్లో సంగతి ఒకటి కలుపుతాడు, జనాన్ని నవ్వించి మళ్లీ కథలోకి తీసుకుపోతాడు. ‘మిథోస్’ నడక సరిగ్గా అదే. క్రోనస్ తండ్రిని కూలదోయడం, జ్యూస్ తండ్రి మీద తిరగబడడం, ప్రొమీథియస్ మట్టితో మనుషుల్ని చేసి వాళ్ల కోసం నిప్పు దొంగిలించడం, కూతురు కనపడక డిమీటర్ లోకానికి పంటలు లేకుండా చేయడం, నేతలో దేవతతో పోటీపడిన అరాక్నీ సాలెపురుగు కావడం, ఇవన్నీ మన ఇంటి కథల్లాగే చెవిన పడతాయి. వరాలూ శాపాలూ తపోభంగాలూ విని పెరిగినవారికి ఒలింపస్ కొండ మీద జరిగే కాపురం గొడవలు వింతగా అనిపించవు. యూరప్ పాఠకుడు పాఠంలా నేర్చుకోవలసింది మనకు అలవాటుగా అందుతుంది. ఈ పుస్తకం విషయంలో తెలుగు శ్రోతది ఒక మెట్టు పైన ఉన్న స్థానమని నా గట్టి నమ్మకం.

రెండు జాగ్రత్తలు. మొదటి గంటలో పేర్లు వరసగా మీద పడతాయి. టైటన్లు, వాళ్ల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. గుర్తుపెట్టుకోవాలని ప్రయత్నించవద్దు. కావలసిన పేర్లు మళ్లీ మళ్లీ వచ్చి వాటంతటవే నిలుస్తాయి. రెండోది, గ్రీకు దేవుళ్ల కామక్రోధాలను ఫ్రై దాచిపెట్టరు. పదేళ్ల పిల్లలతో కలిసి వినాలనుకుంటే ముందు మీరొక్కరే విని చూడండి. మొత్తం 15 గంటల పైచిలుకు ఉంటుంది. కథలు చిన్నవి కాబట్టి ఎక్కడైనా ఆపి, మళ్లీ అందుకోవచ్చు.

పిల్లలున్న ఇంటికి హ్యారీ పోటర్. బ్రిటిష్ ప్రచురణకు ఏడు పుస్తకాలూ ఫ్రైయే చదివారు. అన్నీ కలిపి 100 గంటలు దాటుతాయి. అమెరికా ప్రచురణకు చదివింది జిమ్ డేల్. ఆయనా గొప్ప కథకుడే, కాకపోతే మీరు వెతికేది ఫ్రై గొంతు కనుక కొనేముందు చదివినవారి పేరు చూసుకోండి. మొదటి పుస్తకం పేరులో ‘ఫిలాసఫర్స్ స్టోన్’ అని ఉంటే బ్రిటిష్‌ది, ‘సోర్సరర్స్ స్టోన్’ అని ఉంటే అమెరికాది.

ఇక్కడ ఫ్రై చేసిన పని ‘మిథోస్’కు పూర్తిగా భిన్నం. అక్కడ తన వ్యక్తిత్వాన్ని కథలో కలిపేస్తారు, ఇక్కడ దాన్ని వెనక్కి లాగి పెట్టుకుంటారు. హాగ్రిడ్‌కు ఇంగ్లండ్ నైరుతి పల్లెల యాస, మెక్‌గోనగల్‌కు స్కాట్లాండ్ బిగువు, స్నేప్‌కు నెమ్మదిగా కోసే చల్లదనం. ఒక్కో పాత్రకు ఒక్కో గొంతు ఇస్తూనే ఏ గొంతునూ అతిగా పోనివ్వరు. కొందరు కథకులు పాత్రలను అనుకరించి అలసటపుట్టిస్తారు. ఫ్రై మాత్రం కథ చెబుతున్న మనిషి మన పక్కనే కూర్చున్నాడన్న భావన చెదరనివ్వరు. ఆంగ్లం వినే అలవాటు పెంచుకోవాలనుకునే విద్యార్థులకు మూడింటిలో ఇదే మేలు. కథ ముందే తెలిసి ఉంటుంది, సినిమాలు చూసి ఉంటారు, అర్థం కాని మాట దొర్లినా దారి తప్పరు. వేగం తగ్గించి వినడం కంటే మామూలు వేగంలోనే ఒక అధ్యాయాన్ని రెండుసార్లు వినండి. వేగం తగ్గిస్తే ఆయన విరుపులు, విరామాలు చెడిపోతాయి.

మూడోది షెర్లాక్ హోమ్స్. 2017లో ఆడియో పుస్తకాల సంస్థ ఆడిబుల్ విడుదల చేసిన సంపుటిలో డాయిల్ రాసిన నాలుగు నవలలు, 56 కథలు ఉన్నాయి. నిడివి 70 గంటలకు పైనే. నాలుగు నవలలకూ, అయిదు కథాసంపుటాలకూ కలిపి ఫ్రై తొమ్మిది ముందుమాటలు స్వయంగా రాసి చదివారు. వాటిని దాటవేయవద్దు. హోమ్స్ మీద ఆయన ప్రేమ ఈనాటిది కాదు. చదువుకునే రోజుల్లోనే లండన్‌లోని షెర్లాక్ హోమ్స్ సొసైటీలో సభ్యుడు. సొసైటీ సమావేశానికని పాఠశాలలో అనుమతి తీసుకుని లండన్ వెళ్లి, తిరిగి రావలసిన రోజు దాటినా అక్కడే సినిమాలు చూస్తూ ఉండిపోయారు. దాంతో అప్పింగమ్ పాఠశాల ఆయన్ను పంపించివేసింది. అంత మూల్యం చెల్లించిన అభిమాని చదువుతుంటే వినడం వేరు.

ఇందులో భాష మిగతా రెండింటికంటే కష్టం. విక్టోరియా కాలపు వాక్యాలు, గుర్రపుబండ్ల పేర్లు, పాత నాణేల లెక్కలు. కాబట్టి వరసలో మొదటిదైన ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’తో ప్రారంభించవద్దు. అది మంచి నవలే, కానీ సగం దాటాక కథ హోమ్స్‌ను వదిలి అమెరికాలోని యూటా ఎడారిలోకి వెళ్లిపోతుంది, కొత్తవాళ్లు అక్కడ జారిపోతారు. ‘అడ్వెంచర్స్’ సంపుటంలోని చిన్నకథలతో మొదలుపెట్టండి. ‘ది రెడ్-హెడెడ్ లీగ్’, ‘ది స్పెకిల్డ్ బ్యాండ్’ వింటే చాలు, మిగతా కథలు మిమ్మల్ని వాటంతటవే లాక్కుపోతాయి. రోజూ బస్సులోనో మెట్రోలోనో గంటసేపు కూర్చునేవారికి ఇంతకంటే సరిపోయేది లేదు. చిన్నకథల్లో చాలావరకు ఒక ప్రయాణానికి ఒకటి లెక్కన సరిపోతాయి.

నటుడిగా: జీవ్సా, మెల్చెట్టా

చూడటం దగ్గరికి వస్తే పోటీ రెండింటి మధ్యే. 1990 నుంచి 1993 వరకు ఐటీవీలో వచ్చిన ‘జీవ్స్ అండ్ వూస్టర్’ ఒకటి. 1986లోనూ 1989లోనూ బీబీసీలో ఫ్రై కనిపించిన ‘బ్లాక్‌యాడర్’ చారిత్రక హాస్య ధారావాహికలు రెండోది. ఈ రెంటినీ వెంటవెంటనే చూస్తే ఒకే మనిషి అని నమ్మడం కష్టం.

జీవ్స్‌గా ఫ్రై దాదాపు ఏమీ చేయరు. యజమాని బెర్టీ వూస్టర్ మితిమీరిన రంగుల కోటు వేసుకుని వస్తే జీవ్స్ కనుబొమ్మ వెంట్రుకవాసి కదులుతుంది. ఆ కదలికలో కోటు మీద తీర్పు వెలువడిపోతుంది. హ్యూ లారీ వూస్టర్‌గా కాళ్లూ చేతులూ కళ్లూ అన్నీ వాడి గంతులేస్తుంటే, పక్కనే ఈ నిశ్చలత్వం. హాస్యమంతా ఆ ఇద్దరి మధ్య ఉన్న ఖాళీలో పుడుతుంది. చేయకుండా నవ్వించడం హాస్యనటనలో అన్నిటికంటే కష్టమైన విద్య అని నేననుకుంటాను. ఫ్రై ఆ పాత్ర మొదలుపెట్టేనాటికి వయసు 32 మాత్రమే, అయినా ముగ్గురు ప్రభువుల దగ్గర పనిచేసి వచ్చినవాడిలా కనిపిస్తారు. పాఠశాల రోజుల్లో వుడ్‌హౌస్‌కు ఉత్తరం రాసి, ఆయన సంతకం చేసిన ఫోటో సంపాదించుకున్న కుర్రవాడు ఆయన. పాత్ర మీద ఆ భక్తి తెరమీద కనిపిస్తుంది.

నాలుగు సీజన్లు, మొత్తం 23 ఎపిసోడ్లు. కొత్తగా చూసేవారికి ఒక విషయం చెప్పాలి. ప్రధాన పాత్రలు ఇద్దరూ మారరు కానీ చుట్టూ ఉన్నవారు మారుతుంటారు. డాలియా అత్త పాత్రను నాలుగు సీజన్లలో నలుగురు నటీమణులు వేశారు. ఇది తెలియకపోతే ఈవిడ ఎవరని తికమక పడతారు. మొదటి రెండు సీజన్లు అత్యుత్తమం. నాలుగో సీజన్‌కు వచ్చేసరికి కథలు వుడ్‌హౌస్ సున్నితత్వం వదిలి గందరగోళం వైపు మొగ్గాయి. కొన్ని ఎపిసోడ్లలో పాత్రలు ముఖానికి నల్లరంగు పూసుకునే దృశ్యాలు ఉన్నాయి. అవి ఈ రోజు చూస్తే మనసుకు గుచ్చుకుంటాయి, పిల్లలతో చూసేవారు ఆ సంగతి వారికి వివరించి చెప్పడం మంచిది.

ఇక మెల్చెట్. ‘బ్లాక్‌యాడర్’ రెండో ధారావాహికలో మొదటి ఎలిజబెత్ రాణి కొలువులో ఆమెను బుజ్జగిస్తూ తిరిగే లార్డ్ మెల్చెట్. 1989 నాటి నాలుగో ధారావాహిక ‘బ్లాక్‌యాడర్ గోస్ ఫోర్త్’లో మొదటి ప్రపంచయుద్ధపు జనరల్ మెల్చెట్. నిండు మీసాలు, గొర్రెలా అరుపు, ఎదుటివాడి చెవిలో పేలే గొంతు. జీవ్స్‌లో దాచిపెట్టినదంతా ఇక్కడ కుమ్మరించారు. కానీ ఆ అరుపుల వెనుక ఉన్నది భయంకరమైన విషయం. ముందు వరుసకు ఎన్నో మైళ్ల వెనుక విలాసమైన భవనంలో కూర్చుని, వేలమందిని చావుకు పంపే ఆజ్ఞలను మంచి హుషారుగా జారీచేసే సేనాని అతను. అతడి హుషారే నవ్వు, అతడి హుషారే భయం. ఆరు ఎపిసోడ్లు మాత్రమే. ఆరో ఎపిసోడ్ చివరి నిమిషాలు ఎలా ఉంటాయో నేను చెప్పను, ముందే తెలుసుకోకుండా చూడండి.

మరి ఏది ముందు? భాష తేలికగా అందాలంటే, కుటుంబంతో కూర్చుని చూడాలంటే జీవ్స్. తక్కువ సమయంలో ఫ్రై సత్తా తెలియాలంటే, నవ్వులో చేదు కూడా కావాలంటే జనరల్ మెల్చెట్. రెండింటికీ ఆంగ్ల సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. వుడ్‌హౌస్ మాండలికం, ‘బ్లాక్‌యాడర్’ రచయితలు రిచర్డ్ కర్టిస్, బెన్ ఎల్టన్‌ల ఉపమానాల వేగం మొదటిసారి చెవికి పూర్తిగా చిక్కవు.

‘ఎ బిట్ ఆఫ్ ఫ్రై అండ్ లారీ’ని మాత్రం ఈ రెండిటి తరువాతే చూడమంటాను. 1989 నుంచి 1995 వరకు నాలుగు సీజన్లుగా నడిచిన చిన్నచిన్న హాస్య ఘట్టాల కార్యక్రమం. రాసిందీ నటించిందీ ఆ ఇద్దరే. 1980లో కేంబ్రిడ్జిలో నటి ఎమ్మా థాంప్సన్ ద్వారా కలిసిన స్నేహితులు, 1981లో ఎడిన్‌బరోలో మొట్టమొదటి పెరియర్ హాస్య అవార్డు గెలుచుకున్న కేంబ్రిడ్జి విద్యార్థుల ఫుట్‌లైట్స్ నాటక బృందంలో ఇద్దరూ ఉన్నారు. ఆ స్నేహం ఎంత గాఢమైనదో ఈ కార్యక్రమంలో ప్రతి నిమిషం తెలుస్తుంది. అయితే ఇందులో హాస్యం సగానికి పైగా మాటల గారడీ. ఒక ఘట్టంలో ఫ్రై భాషాతత్వవేత్తగా కూర్చుని, మనిషి నోట ఇంతవరకు రాని వాక్యం ఇప్పుడే రాగలదంటూ ఆనందంతో ఊగిపోతుంటాడు. అది అర్థమైతే ప్రాణం లేచివస్తుంది. ఎనభైల బ్రిటన్ రాజకీయాలు, ప్రకటనలు తెలియకపోతే మరికొన్ని ఘట్టాలు చప్పగా పోతాయి.

‘క్యూఐ’ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. జాన్ లాయిడ్ రూపకల్పన చేసిన ఈ కార్యక్రమాన్ని ఫ్రై 2003లో ‘ఎ’ అక్షరపు సీజన్‌తో మొదలుపెట్టి ‘ఎమ్’ వరకు నడిపారు. ఆ తరువాత శాండీ టోక్స్‌విగ్ వచ్చారు. అందరూ నిజమనుకునే జవాబు చెప్పినవాడికి మార్కులు కోత, ఆసక్తికరమైన మాట చెప్పినవాడికి లాభం. భోజనం చేస్తూ చూడటానికి హాయిగా ఉంటుంది. కానీ ఫ్రై అంటే ఇదేనని అనుకుని ఆగిపోకండి. ఇక్కడ ఆయన ఆతిథ్యం ఇచ్చే మనిషి, అంతే.

చదవాలనుకుంటే

ఆత్మకథలు మూడు. ‘మోయబ్ ఈజ్ మై వాష్‌పాట్’ 1997లో వచ్చింది, పుట్టినప్పటి నుంచి ఇరవయ్యేళ్ల వరకు. ‘ది ఫ్రై క్రానికల్స్’ 2010లో వచ్చింది, కేంబ్రిడ్జి రోజులు, తొలి విజయాలు. ‘మోర్ ఫూల్ మీ’ 2014లో వచ్చింది, పేరూ డబ్బూ వచ్చాక కొకైన్‌లో కూరుకుపోయిన కాలం.

మూడింటిలో ఒక్కటే చదవగలిగితే మొదటిదే చదవండి. వసతి పాఠశాలలో ఏడేళ్ల పిల్లవాడి ఒంటరితనం, అబద్ధాలు, చిన్న దొంగతనాలు, తోటి విద్యార్థి మీద కలిగిన తొలి ప్రేమ, ఎవరికీ చెప్పుకోలేని ఆ ప్రేమ చేసిన గాయం, చివరికి ఎవరిదో క్రెడిట్ కార్డు దొంగిలించి ఊళ్లు తిరిగి, పోలీసులకు చిక్కి పకల్‌చర్చ్ జైలులో మూడు నెలలు రిమాండులో గడపడం. ఇదంతా ఆయన తనను సమర్థించుకోకుండా, తనను చీల్చుకున్నట్టూ కాకుండా రాశారు. అక్కడి నుంచి తిరిగి వచ్చి నారిచ్ సిటీ కాలేజీలో చేరి, ఏడాదిలో కేంబ్రిడ్జి క్వీన్స్ కాలేజీకి స్కాలర్‌షిప్పు సంపాదించిన మలుపు చదువుతుంటే, పిల్లవాడు చెడిపోయాడని చేతులెత్తేసిన ఏ తల్లిదండ్రులకైనా ఈ పుస్తకం ఇవ్వాలనిపిస్తుంది. రెండో ఆత్మకథ సరదాగా సాగుతుంది. 1937 నాటి ‘మీ అండ్ మై గర్ల్’ సంగీత నాటకాన్ని తిరగరాసి ఇరవైల్లోనే ధనవంతుడైన సంగతి అందులో ఉంది. మూడోదానిలో పెద్ద భాగం పాత డైరీ యథాతథంగా. అప్పటికే ఆయన మీద ప్రేమ ఉన్నవారికి తప్ప ఎవరికీ దాన్ని సిఫారసు చేయను.

నవలలు నాలుగింటిలో ‘మేకింగ్ హిస్టరీ’ ముందు. 1996లో వచ్చింది. హిట్లర్ అసలు పుట్టకుండా చేయగలిగితే ఏమవుతుందనేది కథ. ఖాళీ అయిన ఆ స్థానంలోకి అతనికంటే తెలివైన, నిదానమైన మరొకడు వస్తాడు. ఫ్రై తల్లివైపు కుటుంబం మధ్య యూరప్ యూదులు, ఆ కుటుంబంలో నాజీల చేతిలో చనిపోయినవారున్నారు. ఆ బరువు పుస్తకం అడుగున ఉంది. ‘ది లయర్’ చదవాలనుకుంటే ‘మోయబ్’ తరువాత చదవండి, జీవితం ఎక్కడ కల్పనగా మారిందో చూడవచ్చు. మిగతా రెండూ తీరిక ఉన్నప్పుడు.

గంభీరమైన ఫ్రై

నవ్వించే మనిషిలోని ఇంకో పార్శ్వం చూడాలంటే రెండు దారులు. 1997 నాటి సినిమా ‘వైల్డ్’, 2006 నాటి డాక్యుమెంటరీ ‘ది సీక్రెట్ లైఫ్ ఆఫ్ ది మేనిక్ డిప్రెసివ్’.

సినిమాలో ఆయన ఆస్కార్ వైల్డ్. దీనికి గోల్డెన్ గ్లోబ్ నామినేషన్ వచ్చింది. స్వలింగ ప్రేమ నేరమై 1895లో రెండేళ్ల కఠిన కారాగారం అనుభవించిన రచయితను, అదే ప్రేమతో బతికే నటుడు పోషించాడు. మన దేశంలో అలాంటి సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ వేరే చట్టం, 1860 నాటిది. అయినా అది కూడా అదే సామ్రాజ్యం రాసిపెట్టి పోయినదే. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా పరస్పర అంగీకారంతో కలిసిన వయోజనుల మీద కూడా అది వేలాడింది. అందువల్ల ఈ సినిమా మనకు దూరపు కథగా అనిపించదు. వైల్డ్ చమత్కారాలను ఫ్రై గొప్పగా పలికారు, కానీ సినిమాను నిలబెట్టేది పిల్లలకు కథ చెబుతున్నప్పటి ఆయన మెత్తని గొంతు.

డాక్యుమెంటరీ మాత్రం అందరూ చూడవలసినదని నా అభిప్రాయం. 1995లో లండన్‌లో ఒక నాటకం ప్రదర్శనలు సాగుతుండగానే ఫ్రై హఠాత్తుగా కనిపించకుండా పోయారు. బెల్జియం వెళ్లిపోయారని తరువాత తెలిసింది. తనకున్నది బైపోలార్ డిజార్డర్ అని వైద్యులు తేల్చేనాటికి వయసు 37. పదకొండేళ్ల తరువాత ఆ అనుభవంతోనే కెమెరా ముందుకు వచ్చి, అదే స్థితిలో ఉన్న ఇతరులను కలిసి, వారితో ఓపికగా మాట్లాడారు. రెండు భాగాలు. 2007లో అంతర్జాతీయ ఎమ్మీ అవార్డు లభించింది. 2011 నుంచి ‘మైండ్’ అనే మానసిక ఆరోగ్య సంస్థకు అధ్యక్షులుగా ఉన్నారు, 2025 నూతన సంవత్సర పురస్కారాల్లో సర్ బిరుదు వచ్చినప్పుడు పేర్కొన్న సేవల్లో ఇదీ ఒకటి. మన ఇళ్లలో ఇంకా నరాల బలహీనత అనో, మొండితనం అనో పేరు పెట్టి దాచే విషయాన్ని ఇంత సూటిగా మాట్లాడటం చూస్తే ధైర్యం వస్తుంది. మీరో, మీ ఇంట్లో ఎవరో ఇలాంటి స్థితిలో ఉంటే దీన్ని ఒంటరిగా చూడకండి. ఆత్మహత్య ఆలోచనల ప్రస్తావన ఉంది. భారత ప్రభుత్వపు టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు.

ప్రస్తుతానికి పక్కన పెట్టదగినవి: ‘హాబిట్’ సినిమాల్లో లేక్‌టౌన్ అధికారి, కంప్యూటర్ ఆటలకు ఇచ్చిన గొంతు, అమెరికా 50 రాష్ట్రాలూ లండన్ టాక్సీలో తిరిగిన ధారావాహిక. అన్నీ ముచ్చటైనవే, మొదటి పరిచయానికి మాత్రం సరిపోవు. అంతరించిపోతున్న జంతువుల కోసం మార్క్ కార్వర్డైన్‌తో కలిసి 2009లో చేసిన ‘లాస్ట్ చాన్స్ టు సీ’ని మాత్రం పిల్లలతో ఎప్పుడైనా చూడండి. న్యూజిలాండ్ కాకాపో చిలుక ఒక్కటి చాలు వాళ్లకు.

పద్యం ఇష్టమైతే

ఛందస్సు తెలిసిన తెలుగు పాఠకులకు, పద్యం రాయాలని ఎప్పుడైనా అనిపించినవారికి నా సలహా క్రమం మారుతుంది. మీరు ‘మిథోస్’ను కూడా ఆపి, 2005లో వచ్చిన ‘ది ఓడ్ లెస్ ట్రావెల్డ్’ను తీసుకోండి. ఆంగ్ల పద్యం ఎలా నడుస్తుందో మొదటి మెట్టు నుంచి నేర్పే పుస్తకం ఇది.

మనం గురులఘువులు లెక్కపెట్టి గణాలు కడతాం. అక్షరం పలకడానికి పట్టే కాలమే మన కొలత. ఆంగ్లంలో కొలత ఊనిక. ఏ అక్షరం మీద గొంతు బరువు పడుతుందో, దేని మీద పడదో దాన్ని బట్టి పాదం ఏర్పడుతుంది. యతిప్రాసలకు అలవాటుపడ్డ చెవికి ఈ తేడా పట్టుకోవడం మొదట్లో కష్టం, పట్టుబడ్డాక అద్భుతం. బడిలో షేక్‌స్పియర్ పాఠం చదివి, దానిలో లయ ఎక్కడుందో ఎవరూ చెప్పక ఊరుకున్నవారు మనలో ఎంతోమంది. ఫ్రై ఆ లయను చేతికి అందిస్తారు. తేలిక అక్షరం వెనుక బరువు అక్షరం వచ్చే అయిదు ఊనికల అయాంబిక్ పాదం నుంచి సానెట్, విలనెల్ అనే పద్యరూపాల దాకా ప్రతి రూపానికీ తానే సొంతంగా నమూనాలు రాసి చూపిస్తారు, అవి గొప్ప కవిత్వం కావాలని ఆరాటపడరు, తీరు తెలిస్తే చాలంటారు. పుస్తకంలో అభ్యాసాలున్నాయి. దగ్గర పెన్సిలు పెట్టుకుని, పాదాలను పైకి చదివి, ఊనికలు గుర్తిస్తూ, ఆ అభ్యాసం పూర్తయ్యాకే పేజీ తిప్పండి. ఇంట్లో అందరూ ఉన్నారని లోలోపల చదివితే ఈ పుస్తకం పనిచేయదు.